గీకివేసిన పటములు

విన్సెంటు వాన్‌గో జన్మించిన నెదర్లాండ్సులోని ఉత్తర బ్రబాంటు మండలమున, అచ్చటి ప్రదర్శనశాలవారు 2017లో ఆతని చిత్తరువుల చెంతనే 'లవింగ్ విన్సెంట్' అను చలనచిత్రమునకై వ్రాసిన తైలపటములను నిలిపిరి. కదలెడు బొమ్మలకు కళామందిరమున పీఠమా యని ఈసడించువారిని మేమొక్కటి యడిగెదము. ఆ చిత్రమెట్లు పుట్టినదో వారెఱుగుదురా? నూఱుమందికి పైగా చిత్రకారులు సుమారు 65,000 పటములు చేతితో వ్రాసిరి. ఒక పటమును వ్రాసి ఛాయాచిత్రము తీయుట, కదలవలసినచోట రంగు గీకివేయుట, ఆ గుడ్డపైననే మఱల వ్రాయుట. తెరపై ఒక్క సెకనునకు ఇట్టివి 12 కావలెను. తమ పనిని తామే చెఱుపుకొనుచు సాగినవారి శ్రమ యంత్రపుటాటయా? వాన్‌గో బ్రదికియుండగా ఆతనిని లెక్కసేయనివారును ఇట్టి పెద్దమనుష్యులే గదా!

మా ఆక్షేపణ వేఱు. గోడకు వ్రేలాడునది ఒక్కొక్క దృశ్యమున మిగిలిన తుదిపటము మాత్రమే. చూపరులు దానిని విన్సెంటు చేతిపనివలె నున్నదని మెచ్చుకొని పోవుదురు; వ్రాసిన చేయి యెవరిదని యడుగరు. ఇట్టి ప్రదర్శనలు పెట్టువారు పటము క్రింద దర్శకుల పేరుగాక, దానిని వ్రాసినవారి పేరు వ్రాయింపవలెను. ప్రక్కనే తెర నిలిపి, ఆ గుడ్డపై గీకివేయబడినవానిని వరుసగా చూపవలెను.