దౌ అంటే... ‘నువ్వే’!

పాత ఇంగ్లిష్ నాటకాల్లోనో, బైబిల్లోనో అడుగడుగునా తగిలే మాట ‘దౌ’. దాని వెంటే ‘దీ’, ‘దై’! చదువుతుంటే ఏదో రాజదర్బారులో నిలబడ్డట్టుంటుంది. అందుకే అదేదో మహా మర్యాదైన మాట అనుకుంటారు చాలామంది. ఇంగ్లిష్ వాళ్లలోనూ ఆ భ్రమ ఉంది. అసలు సంగతి పూర్తిగా తలకిందులు. దౌ అంటే అచ్చంగా మన ‘నువ్వు’. ఇప్పుడు అందరికీ వాడేస్తున్న ‘యు’ ఉందే, అదీ ఒకప్పటి ‘మీరు’!

మొదట్లో ఈ గొడవేమీ లేదు. ఎదుట ఒక్కరుంటే దౌ, ఎక్కువమంది ఉంటే ‘యీ’, ‘యు’... అంతే. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దర్బారులో ఫ్రెంచి రాజ్యమేలింది. పెద్దవాళ్లను బహువచనంలో పిలవడం ఫ్రెంచివాళ్ల అలవాటు. 13వ శతాబ్దం నుంచి అది ఇంగ్లిష్‌కీ అంటుకుంది. యజమాని నౌకరును దౌ అనొచ్చు, నౌకరు మాత్రం యు అనాల్సిందే. ప్రేమ ముదిరినా దౌ, కోపం ముదిరినా దౌ! షేక్‌స్పియర్ ‘ట్వెల్‌ఫ్త్ నైట్’లో సర్ టోబీ తన స్నేహితుడికి ఓ సలహా ఇస్తాడు. ద్వంద్వయుద్ధానికి సవాలు రాసేటప్పుడు ప్రత్యర్థిని మూడుసార్లు దౌ అంటే తప్పులేదట. తిట్టడానికి వేరే మాట అక్కర్లేదన్నమాట.

నాటకాల్లోనే కాదు, కోర్టులోనూ అదే తంతు. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ ఆయన్ని కావాలనే దౌ అని సంబోధించాడు. అలా అంటున్నానని చెప్పి మరీ ద్రోహి అన్నాడు.

ఈ ఒక్క మాట కోసం దెబ్బలు తిన్నవాళ్లు క్వేకర్లు. దేవుడి ముందు అందరూ సమానమే, జడ్జీ అయినా జమీందారైనా ఒక్క మనిషి ఒక్క మనిషే, కాబట్టి దౌ అనే పిలుస్తామన్నారు వాళ్ల నాయకుడు జార్జ్ ఫాక్స్, ఆయన అనుచరులు. పెద్దల ముందు టోపీ తీయబోమనీ భీష్మించారు. ఫలితం... తన్నులు, జైళ్లు. అయినా తగ్గలేదు. వేరే భాషల్లో ఏకవచనం ఎలా వాడతారో చూపిస్తూ 1660లో ఏకంగా ఓ పుస్తకమే వేశారు. తర్వాతి కాలంలో పెన్సిల్వేనియాను స్థాపించిన విలియం పెన్ కూడా క్వేకరే. నేవీ అడ్మిరల్ అయిన ఆయన తండ్రి తల పట్టుకుని చివరికి ఓ రాజీ మార్గం చెప్పాడంటారు: ఎవరినైనా దౌ అనుకో... రాజుగారినీ, ఆయన తమ్ముణ్నీ, నన్నూ తప్ప!

మరి ఆ మాటకు ఇంత గౌరవం ఎలా అబ్బింది? 1611 నాటి బైబిల్ అనువాదంలో, ఎదుట ఉన్నది దేవుడైనా దొంగైనా, ఒక్కరైతే దౌ అనే రాశారు. మన భక్తులు దేవుణ్ని ‘నీవు’ అన్నట్టే. 17వ శతాబ్దం ముగిసేసరికి మామూలు మాటల్లోంచి దౌ జారిపోయింది, ప్రార్థనల్లో మిగిలింది. చర్చిలో తప్ప ఎక్కడా వినపడని మాట కాబట్టి జనానికి అది పవిత్రంగా తోచింది. పాపం, ‘నువ్వు’ కాస్తా ‘తమరు’ అయి కూర్చుంది!

పూర్తిగా మాత్రం చావలేదు. ఉత్తర ఇంగ్లండులో, ముఖ్యంగా యార్క్‌షైర్‌లో, పాతతరం వాళ్ల నోట ‘దా’గా బతికింది. అక్కడా పిల్లలు పెద్దలను అలా పిలిస్తే చీవాట్లే. నన్నే ‘దా’ అంటావా అని గదమాయించే పెద్దాయన మాత్రం ఆ తిట్టులోనూ ‘దీ’నే వాడతాడు.