తెరపై కనిపించే పేరు

సింగరేణి ప్రాంతపు కుటుంబాలకు పేరులోని ఒక్క అక్షరం విలువ ఎంతో వేరుగా చెప్పనవసరం లేదు. మారుపేర్లతో గనిలో చేరిన కార్మికుల వారసులు ఉద్యోగం కోసం ఎన్నేళ్లు తిరిగారో గోదావరిఖనిలో ప్రతి కాలనీకీ తెలుసు. మన ఇళ్లలో మరొక చిక్కు కూడా ఉంది. ఒక కాగితంలో మహమ్మద్, మరొకదానిలో ముహమ్మద్, ఇంకొకదానిలో ఎం.డి. అని ఉంటుంది. మనిషి ఒక్కడే అయినా కాగితాలు ముగ్గురిని చూపుతాయి. ఆ కాగితాలలో అధిక భాగం ఇప్పుడు డీటీపీ దుకాణంలో, వర్డ్ ప్రాసెసర్‌లో తయారవుతున్నాయి. కనుక ఆ సాధనం మన వ్రాతను మనకు ఎంత నిజాయితీగా చూపిస్తున్నదో ఈ నెల పరిశీలించదలచాము.

ఇందుకొక కొలమానం ఉంది. అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త బెన్ ష్నైడర్‌మన్ 1983లో ‘డైరెక్ట్ మానిప్యులేషన్’ అనే పద్ధతిని వివరిస్తూ ఒక వ్యాసం ప్రచురించారు. మనం మార్చదలచిన వస్తువు ఎల్లప్పుడూ కళ్లెదుట ఉండాలి. ఆజ్ఞలు బట్టీ పట్టకుండా, దానినే తాకి కదిపినట్లు పని సాగాలి. చేసిన మార్పు వెంటనే కనిపించాలి, వద్దనుకుంటే వెనక్కి రావాలి. సారాంశంలో ఇదే ఆ పద్ధతి. ఆయన చూపిన తొలి ఉదాహరణలలో తెరపై వ్రాతను దిద్దే సాధనాలే ఉన్నాయి.

అంతకుముందు సంగతి బొగ్గుగని కుటుంబాలకు సులభంగానే అర్థమవుతుంది. హాలేజీ నడిపే వ్యక్తికి లోపలి టబ్బులు కనిపించవు. గంట మ్రోగిన లెక్కను బట్టి తాడును ఆపుతాడు, నడుపుతాడు. వర్డ్‌స్టార్ కాలపు టైపిస్టు పని కూడా అటువంటిదే. అక్షరాన్ని లావు చేయాలంటే ఒక సంకేతం, పేజీ మార్చాలంటే చుక్కతో మొదలయ్యే మరొక ఆజ్ఞ. కాగితం బయటకు వచ్చిన తరువాతే అసలు రూపం తెలిసేది. తెరపై చూసినదే కాగితంపై రావాలన్న ఆలోచనకు 1974లో జిరాక్స్ సంస్థ పరిశోధనశాలలో రూపొందిన ‘బ్రావో’ బాట వేసింది. నేటి వర్డ్ ఆ బాటలోనిదే. పేజీ రూపం విషయంలో ఇది కొలమానానికి చాలావరకు నిలబడుతుంది. ‘అన్‌డూ’ ఒక్కటే చాలు, కొత్తగా నేర్చుకునే గృహిణికి భయం పోగొట్టడానికి.

అయితే కంటికి కనిపించనివి ఇంకా ఉన్నాయి. పేరా అమరిక సమాచారం దాని చివరనున్న ఒక గుర్తులో దాగి ఉంటుంది. సాధారణంగా ఆ గుర్తు తెరపై కనిపించదు. అది చెరిగితే రెండు పేరాలు కలిసిపోయి అమరిక మారుతుంది, కారణం మాత్రం తెలియదు. ‘రీప్లేస్ ఆల్’ మరింత ప్రమాదకరం. ‘అలీ’ని ‘ఆలీ’గా మార్చమంటే, మనం తెరవని పేజీలోని అలీముద్దీన్ కూడా ఆలీముద్దీన్ అయిపోతాడు.

మన భాషల దగ్గరకు వస్తే లోపం ఇంకా లోతుకు పోతుంది. ‘ఖుర్షీద్’ అనే పేరు చూడండి. అందులోని ‘ర్షీ’ మన కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో అది నాలుగు సంకేతాలు: ర, పొల్లు, ష, దీర్ఘం. చివరన నిలిచి ఒకసారి బ్యాక్‌స్పేస్ నొక్కితే దీర్ఘం మాత్రమే పోయి ‘ర్ష’ మిగులుతుంది. అక్షరానికి ముందు నిలిచి డిలీట్ నొక్కితే మొత్తం పోతుంది. ఒకే వస్తువు ఒక వైపు నుండి ముక్కలుగాను, మరొక వైపు నుండి ముద్దగాను ప్రవర్తిస్తున్నదన్నమాట. చేతితో పట్టుకున్న వస్తువు అలా ప్రవర్తిస్తే మనం ఆశ్చర్యపడమా?

అను ఫాంట్ల సంగతి వేరు. పేజ్‌మేకర్‌తో జతగా అవి తెలుగు ముద్రణకు చేసిన సేవ పెద్దది, దానిని తక్కువ చేయము. కానీ అక్కడ తెరపై తెలుగు కనిపిస్తుందే గాని, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఆ ఫాంట్ లేని యంత్రంలో తెరిస్తే పేరు స్థానంలో అర్థంలేని గుర్తులు వస్తాయి. అక్కడ కన్ను చూసినది లోపల ఉన్నది కాదు. తెలుగు యూనికోడ్‌కు 2001 నాటి విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటుతో చోటు దొరికింది. అయినా పాత అలవాటు దుకాణాలను వెంటనే వదలలేదు.

నికాహ్ పత్రికలో తెలుగుతో పాటు ఉర్దూ ఉంటే ఇబ్బంది ఇంకో విధంగా వస్తుంది. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడుస్తుంది, అందులోని తేదీ అంకెలు ఎడమ నుండి కుడికి నడుస్తాయి. ఒకే పంక్తిలో రెండు భాషలను మౌస్‌తో గుర్తిస్తే గుర్తింపు రెండు ముక్కలుగా విడిపోతుంది, కర్సర్ ఎటో దూకుతుంది. ఇన్‌పేజ్ నస్తాలీఖ్ లిపిని అందంగా అమర్చి ఈ పనిని సులభం చేసింది. కానీ దాని ఫైలును వర్డ్ నేరుగా తెరవదు.

దివ్యఖుర్ఆన్‌లోని అతి పెద్ద ఆయత్, అల్ బఖరహ్ 282, అప్పు పత్రం వ్రాయించే విధానాన్ని బోధిస్తుంది. లేఖకుడు న్యాయంగా వ్రాయాలని, బాధ్యత ఎవరిపై ఉందో వారే చెప్పి వ్రాయించాలని, వారు అశక్తులైతే సంరక్షకుడు వ్రాయించాలని అందులో ఆదేశం ఉంది. ఆ ఆయత్ సందర్భం అప్పే. అయినా ఎవరి సంగతి వ్రాస్తున్నారో వారికి ఆ వ్రాతపై హక్కు ఉండాలన్న శ్రద్ధ డీటీపీ బల్ల వద్ద కూడా వర్తిస్తుందని మేము భావిస్తున్నాము. తెర లేఖకుని వైపే తిరిగి ఉంటే, దరఖాస్తుదారుకు ష్నైడర్‌మన్ సూత్రాలన్నీ ఉండీ లేనట్టే.

కారుణ్య నియామకపు దరఖాస్తు వ్రాయించే సోదరీమణులు తెరను తమ వైపు త్రిప్పమని అడగడానికి సంకోచించవద్దు. సర్వీసు రికార్డులోని పేరును ప్రక్కనే పెట్టుకొని, తెరపై ఉన్న దానితో అక్షరం అక్షరం పోల్చండి. యూనికోడ్‌లోనే టైపు చేయించి, ఫైలును మీ ఫోనుకు పంపించుకొని అక్కడ తెరిచి చూడండి. అక్కడ కూడా ఖుర్షీద్ ఖుర్షీద్‌గానే కనిపిస్తే అప్పుడు ప్రింటు తీయించి సంతకం చేయండి.