మొదటి రౌండ్‌లో ఎవరు వస్తే మంచిది?

ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద రెండు రకాల కాగితాలు ఉంటాయి. ఒకటి మావారి టాక్స్ కాగితాలు. రెండోది మావాడు పెన్సిల్‌తో గీసుకున్న ఎన్‌బీఏ ప్లేఆఫ్స్ పట్టిక. మేముండేది డాలస్ దగ్గర కాబట్టి మావెరిక్స్ మా ఇంటి జట్టు. వాళ్లు ప్లేఆఫ్స్‌కి వెళ్లే ఏడాది అయితే మావాడు ఆ కాగితం నా ముందు పెట్టి, "అమ్మా, మనకి మొదటి రౌండ్‌లో ఎవరు వస్తే మంచిది?" అని అడుగుతాడు.

చాలాకాలం నా జవాబు ఒక్కటే: "ఓడిపోయేవాళ్లు వస్తే మంచిది నాన్నా." వాడికి ఒళ్లు మండేది. కానీ పదమూడేళ్ల పిల్లాడు తనంతట తాను వచ్చి మాట్లాడే విషయాలు ఎన్నుంటాయి చెప్పండి? అందుకే కాస్త కష్టపడి నేర్చుకున్నాను. మీ ఇంట్లోనూ ఇలాంటి పట్టిక ఉంటే, మీకూ పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు లెక్క తెలుసుకుందాం. ఒక్కో జట్టు సీజన్‌లో 82 ఆటలు ఆడుతుంది. ఈస్ట్, వెస్ట్ అని రెండు కాన్ఫరెన్సులు, ఒక్కోదాంట్లో 15 జట్లు. రెండు వైపుల నుంచీ ఎనిమిదేసి జట్లు ప్లేఆఫ్స్‌కి వెళ్తాయి. మొదటి స్థానంలో ఉన్నవాళ్లు ఎనిమిదో స్థానం వాళ్లతో, రెండు ఏడుతో, మూడు ఆరుతో, నాలుగు అయిదుతో ఆడతారు. ముందుగా నాలుగు ఆటలు గెలిచినవాళ్లు పై రౌండ్‌కి వెళ్తారు. 2021 నుంచి ఏడు, ఎనిమిది స్థానాలు ఎవరివో తేల్చడానికి ఏడు నుంచి పదో స్థానం దాకా ఉన్నవాళ్ల మధ్య ప్లే-ఇన్ ఆటలు కూడా పెట్టారు.

ఈ లెక్క చూస్తే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఎనిమిదోవాళ్లు అందరికన్నా బలహీనులు, వాళ్లు వస్తే హాయి అని. నేనూ 2007 దాకా అలాగే అనుకున్నాను.

అప్పటికి మేం ఇర్వింగ్‌లో ఒక బెడ్రూమ్ అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. మావారి స్నేహితులంతా సాయంత్రాలు మా ఇంట్లోనే చేరేవారు. ఆ ఏడాది మావెరిక్స్ 67 ఆటలు గెలిచి, 15 మాత్రమే ఓడారు. లీగ్ మొత్తంలో వాళ్లదే మొదటి స్థానం. ఎనిమిదో స్థానంలో వచ్చింది గోల్డెన్ స్టేట్ వారియర్స్, 42 గెలుపులు, 40 ఓటములు. 1994 తర్వాత వాళ్లు ప్లేఆఫ్స్ ముఖం చూడడం అదే మొదలు. మా ఇంట్లో అందరూ రెండో రౌండ్ గురించి మాట్లాడుకోవడం మొదలెట్టారు. నేను ఉల్లిపాయ పకోడీల పిండి కలుపుతూ వింటున్నాను.

ఒక్క చిన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆ సీజన్‌లో ఈ రెండు జట్లూ మూడుసార్లు తలపడితే మూడుసార్లూ వారియర్సే గెలిచారు. వాళ్ల కోచ్ డాన్ నెల్సన్ 2005 దాకా డాలస్ కోచ్. డర్క్ నొవిట్‌స్కీని కుర్రాడిగా ఉన్నప్పుడు డాలస్‌కి తెచ్చింది ఆయన హయాంలోనే. ఆ పిల్లాడికి ఏది నచ్చుతుందో, ఏది నచ్చదో పెంచినవాళ్లకి తెలియదూ! ఏడడుగుల డర్క్ మీదకి నాలుగంగుళాలు పొట్టివాడైన స్టీఫెన్ జాక్సన్‌ని పంపారు. అతను డర్క్‌ని అంటిపెట్టుకుని, తోస్తూ, ఇష్టమైన చోట నిలబడనివ్వకుండా చేశాడు. మిగతావాళ్లు చిన్నగా, చురుగ్గా ఉండి పరుగులతో డాలస్‌ని అలసగొట్టారు.

నాకు ఇప్పటికీ బాధనిపించేది మరొకటి ఉంది. మొదటి ఆటకే డాలస్ కోచ్ ఎవరీ జాన్సన్ తన పొడుగాటి సెంటర్‌ని పక్కన కూర్చోబెట్టి, వారియర్స్‌కి సరిపోయేలా చిన్న జట్టుని దింపాడు. 67 ఆటలు గెలిపించిన పద్ధతిని ఎదుటివాణ్ణి చూసి మార్చుకున్నాడు. ఆ ఆట పోయింది. చివరికి సిరీస్ 4-2తో పోయింది. ఆరో ఆటలో డర్క్ 13 సార్లు వేసి రెండే బుట్టలో పడేయగలిగాడు. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాడి బహుమతి అతనిదే. దాన్ని అందుకునే వేళకి జట్టు ఇంటికొచ్చేసింది. ఏడు ఆటల సిరీస్‌లో ఎనిమిదోవాళ్లు మొదటివాళ్లని ఓడించడం అదే మొదటిసారి. సుమతీ శతకంలో పాము, చీమల పద్యం చిన్నప్పుడు చదివినవాళ్లమే. అయినా ఆ రాత్రి మా ఇంట్లో పకోడీలు ఎవరూ ముట్టుకోలేదు.

2010లో కథ ఇంకోలా జరిగింది. డాలస్‌ది రెండో స్థానం, ఎదురుగా ఏడో స్థానంలో శాన్ ఆంటోనియో స్పర్స్. కాగితం మీద ఏడు అని ఉన్నా, అప్పటికే నాలుగు టైటిళ్లు గెలిచిన జట్టది. మళ్లీ 4-2తో మనమే ఓడాం.

ఆ మరుసటి ఏడాది, 2011లో, డాలస్‌ది మూడో స్థానం, ఆరో స్థానంలో పోర్ట్‌లండ్. ఈసారి చాలామంది విశ్లేషకులు పోర్ట్‌లండే గెలుస్తుందన్నారు. నాలుగో ఆటలో డాలస్ 23 పాయింట్ల ఆధిక్యం పోగొట్టుకుని ఓడినప్పుడు, ఇక అయిపోయిందనుకున్నాం. కానీ తర్వాతి రెండూ గెలిచారు. రెండో రౌండ్‌లో అంతకుముందు వరుసగా రెండేళ్లు విజేతలైన లేకర్స్. ఎవరు రాకూడదని అందరం అనుకున్నామో వాళ్లే. ఆ సిరీస్ 4-0తో మనదే. చివరి ఆట స్కోరు 122-86. ఆ జూన్‌లో మయామీని ఓడించి డాలస్ తొలి టైటిల్ గెలిచింది. ఆ ఏడాది సెంటర్ టైసన్ చాండ్లర్‌ని ఎవరి కోసమూ పక్కన కూర్చోబెట్టలేదు.

ఇవన్నీ చూశాక మావాడి ప్రశ్నకి నేనిప్పుడు ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఈ సీజన్‌లో మనం వాళ్లతో ఎన్నిసార్లు ఆడాం? ఆ రోజుల్లో ఇరువైపులా ముఖ్యమైనవాళ్లు ఆడారా, దెబ్బలు తగిలి కూర్చున్నారా? మన ముఖ్యమైన ఆటగాణ్ణి కాయగలిగిన మనిషి వాళ్ల దగ్గర ఉన్నాడా? మొదటి రెండు ఆటలు ఎవరి ఊళ్లో? 82 ఆటల సీజన్‌లో ఒక జట్టు ఇవాళ కనబడితే మళ్లీ నెలలకి గాని కనబడదు. ప్లేఆఫ్స్‌లో అదే మనిషి రెండు వారాలు ఎదురుగా ఉంటాడు. మన లోపం ఒక్కటి దొరికిందా, రోజూ అక్కడే పొడుస్తాడు. కాబట్టి స్థానం కన్నా జోడీ ముఖ్యం. ఎవరు గట్టివాళ్లన్నది కాదు, ఎవరి ముందు మన ఆట మనం ఆడగలం అన్నది చూడాలి.

ఈ మధ్య ఈ మాట నాకే తగిలింది. టెక్సస్‌లో ఉన్నవాళ్లకి తెలిసిన విషయమే. 1997 నాటి చట్టం ప్రకారం హైస్కూల్ క్లాసులో మొదటి పది శాతంలో ఉన్న పిల్లలకి ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు దానంతటదే వస్తుంది. ఆస్టిన్‌కి ఆ గీత ఇంకా పైన ఉంటుంది. అందుకని మన స్నేహితుల్లో కొందరు పోటీ తక్కువ ఉన్న స్కూల్ వెతుక్కుని ఇల్లు మారుతున్నారు. మావాడు వచ్చే ఏడాది తొమ్మిదిలోకి వెళ్తాడు. "వదినా, ఇక్కడ అంతా మన పిల్లలే, ర్యాంకు ఎక్కడొస్తుంది? పక్క ఊరికి వచ్చేయండి, అక్కడ మీవాడే ఫస్టు" అని ఓ స్నేహితురాలు చెప్పింది. నెల్లాళ్లు మేం రాత్రుళ్లు ఇళ్ల ధరలు చూస్తూ కూర్చున్నాం.

ఓ రోజు టేబుల్ మీద మావాడి పట్టిక, పక్కనే మా ఇళ్ల జాబితా. రెండూ ఒకటే అనిపించింది. ఎనిమిదోవాళ్లు ఎక్కడున్నారా అని వెతుకుతున్నాం. వాడికి ఏది ఊతమో, ఏది ఇబ్బందో మేం ఒక్కసారీ అనుకోలేదు. వాడికి ఇక్కడ ఆర్కెస్ట్రా ఉంది, అయిదో క్లాసు నుంచీ ఉన్న ఇద్దరు స్నేహితులున్నారు. కొత్తచోట నోరు తెరవడానికి వాడికి ఏడాది పడుతుంది. ఇంకో పిల్లాడికి చిన్న స్కూలే మంచిది కావచ్చు. చదువు భారంతో నలిగిపోతున్న పిల్లని మార్చి మేలు చేసిన తల్లి నాకు తెలుసు. ఆమె తూచింది స్కూల్ ర్యాంకుని కాదు, తన కూతుర్ని.

మేం మారడం లేదు. వాడికి పది శాతంలో చోటు దొరుకుతుందో లేదో నేను చెప్పలేను. ఆ మాట వాడికి చెప్పినప్పుడు పట్టిక మీంచి తలెత్తకుండానే, "అయితే హోమ్ కోర్ట్ మనదేగా" అన్నాడు.