దారి ఉచితం, లోహం ఖరీదు

బీపీకి లోసార్టాన్ మాత్ర వేసుకునేవారిలో సపోరో పేరు విన్నవారు తక్కువే. ఉత్తర జపాన్‌లోని ఆ నగరంలో, హొక్కైడో విశ్వవిద్యాలయంలో అకిరా సుజుకి, నోరియో మియౌరా 1979లో ఒక కిటుకు ప్రకటించారు. రెండు కార్బన్ పరమాణువులను కోరినచోట అతకడం రసాయన శాస్త్రజ్ఞులకు ఎప్పుడూ తలనొప్పే. పల్లాడియం అనే లోహం ఆ రెంటినీ తన దగ్గరకు లాక్కుని, ముడివేసి, తాను తప్పుకుంటుంది. అచ్చం పెళ్లిళ్ల పేరయ్య పని: ఒక జంటను కుదిర్చి మరో ఇంటికి బయలుదేరడమే. జంటలో ఒకరికి ముందుగా బోరాన్ తగిలించడం సుజుకి ప్రత్యేకత. లోసార్టాన్‌లోని రెండు బెంజీన్ వలయాలను ఇలా జోడించే పద్ధతి 1994లో ప్రచురితమైంది.

సుజుకి దీనికి పేటెంట్ తీసుకోలేదు. ప్రభుత్వ నిధులతో చేసిన పని కాబట్టి అన్నది ఆయన చెప్పిన కారణం. రిచర్డ్ హెక్, ఎయిచి నెగిషిలతో కలిసి 2010లో ఆయన నోబెల్ అందుకునేనాటికి మందుల కంపెనీలు ఆ పద్ధతిని ధారాళంగా వాడేస్తున్నాయి. మందులపై ఉత్పత్తి పేటెంట్లను 2005లో తిరిగి ఒప్పుకున్న మన దేశానికి ఈ ఔదార్యం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

దారి ఉచితమే కానీ లోహం కాదు. గనుల నుంచి వచ్చే పల్లాడియంలో దాదాపు 40 శాతం రష్యాదే, మిగతాదాంట్లో అధికభాగం దక్షిణాఫ్రికాది. అసలు గిరాకీ కార్ల పొగను శుద్ధిచేసే కన్వర్టర్లది. మందుల కంపెనీలది అందులో చిన్న వాటా. కాబట్టి ధర నిర్ణయించే శక్తి వాటికి లేదు, భరించాల్సిందే. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మార్చిలో ఔన్సు 3,400 డాలర్లు దాటింది. తర్వాత బాగా పడిపోయిందనుకోండి. అయినా సైబీరియాలోని నోరిల్స్క్ గనికీ, జీడిమెట్లలోని రియాక్టర్‌కూ ఉన్న లంకె ఎంత గట్టిదో అప్పుడే తెలిసొచ్చింది.

ఈ చిక్కుకు హైదరాబాద్ ఒక జవాబు చాలా ముందే ఇచ్చింది. తార్నాకలోని ఐఐసీటీలో బి.ఎం. చౌదరి, ఎం. లక్ష్మీకాంతంల బృందం 2002లో అమెరికన్ కెమికల్ సొసైటీ పత్రికలో ఓ పరిశోధన ప్రచురించింది. పొరలు పొరలుగా ఉండే మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడ్‌పై అతిసూక్ష్మ పల్లాడియం రేణువులను నిలిపారు. పనయ్యాక వడపోసి, మళ్లీ వాడుకోవచ్చు. చౌకగా దొరికే, మాట వినని క్లోరిన్ సమ్మేళనాలను కూడా అది లొంగదీసింది. వడపోత లోహం ఆదా కోసమే కాదు. నోటితో వేసుకునే మందుల్లో పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదన్నది అంతర్జాతీయ మార్గదర్శకం.

గాజుకుప్పెలో నెగ్గిన ఉత్ప్రేరకం టన్నుల లెక్కన నడిచే రియాక్టర్‌లోనూ నెగ్గాలంటే మధ్యలో ఏళ్ల పని, డబ్బు కావాలి. ధర పడిపోతే కంపెనీలకు ఆ ఆసక్తి కూడా తగ్గుతుంది. అందుకే ఈ ఖర్చు సర్కారే పెట్టాలంటాను. కానీ 2020-21లో పరిశోధనకు దేశం మొత్తంగా వెచ్చించింది జీడీపీలో 0.64 శాతమే. పల్లాడియం పనిని నికెల్‌తో చేయించే ప్రయత్నాలూ ముమ్మరంగానే సాగుతున్నాయి. నికెల్ చౌక, కాకపోతే తరచూ ఎక్కువ మోతాదు కావాలి. దాని నిల్వలైతే ఒడిశాలోనే ఉన్నాయి.