అటక మీది ఇత్తడి స్టవ్వు

పాత పంపు స్టవ్వులు వెతికి కొని, బాగుచేసి, వెలిగించి మురిసిపోయేవాళ్లున్నారు. మా వారికీ ఈమధ్య ఆ పిచ్చి పట్టింది. పాత సామాను తుక్కుకి వెయ్యకుండా నిలబెట్టడం మంచి పనే. కానీ చింతపండుతో తోమి అద్దాల బీరువాలో పెట్టేస్తే పని అయిపోయినట్టేనా అన్నదే నా ప్రశ్న.

ఈ స్టవ్వుల గురించి చెప్పేవాళ్లంతా ఒకటే కథ చెబుతారు. 1892లో స్వీడన్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన ఒత్తి లేని కిరసనాయిలు స్టవ్వు తయారుచేశాడు. అదే ప్రైమస్. అముండ్‌సెన్ దాన్ని దక్షిణ ధ్రువానికి పట్టుకెళ్లాడు. 1953లో ఎవరెస్టు ఎక్కినవాళ్లూ తీసుకెళ్లారు. నిజమే. మరి అదే రకం స్టవ్వు ముందు పీట వేసుకుని ఏళ్ల తరబడి పదిమందికి వండి పెట్టిన మన అమ్మమ్మల మాటేమిటి?

అది తేలికైన పని కాదు. ముందు బర్నరు కింద గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించాలి. బర్నరు బాగా కాలాకే పంపు కొట్టాలి. అప్పుడే కిరసనాయిలు ఆవిరై, సన్న రంధ్రంలోంచి వచ్చి నీలంగా మండుతుంది. తొందరపడితే నూనె నూనెగానే చిమ్మి, పచ్చటి మంట మొహం మీదికి లేస్తుంది. రంధ్రం పూడితే పిన్ను. తోలు వాషరు ఎండితే నూనెలో నానబెట్టడం. ఇదంతా వాళ్లకి కొట్టినపిండి. చేసినవాళ్లని మెకానిక్కులని మాత్రం ఎవరూ అనలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. “స్టవ్వు పేలి కోడలు మృతి” అన్న వార్త మన తరం చాలాసార్లు చదివింది. కొన్ని నిజంగా ప్రమాదాలే. కొన్ని కావు. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య కాలిన గాయాలతోనో, అసహజంగానో చనిపోయి, అంతకుముందు కట్నం కోసం వేధించారని తేలితే, దాన్ని వరకట్న మరణంగానే చూడాలని 1986లో చట్టంలో 304-బి సెక్షన్ చేర్చారు. అలాంటి చట్టం ఊరికే రాలేదు. ఆ స్టవ్వు మీద ఎన్ని అబద్ధాలు మోపారో!

అందుకే బాగుచేసేవాళ్లకి నేను చెప్పేది ఇంతే. వాషర్లు కొత్తవి వెయ్యండి, ఆరుబయటే వెలిగించండి, అందులో పెట్రోలు పొయ్యకండి. పిల్లలకి చూపించేటప్పుడు ఎవరెస్టు కథతో ఆపకండి. దాని ముందు కూర్చున్న ఆడవాళ్ల కథ కూడా చెప్పండి, వంట సంగతీ, మంట సంగతీ. మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఇవాళే అడగండి. ఇత్తడి ఇంకో వందేళ్లయినా ఉంటుంది, వాళ్లు ఉండరు.