రెండు రోజుల సింగపూర్‌కు ఒక్క రాయి చాలు

ద్రాక్షారామం నుంచి రామచంద్రపురం దాకా ఈ వారం ఫ్లెక్సీలన్నిటిదీ ఒకటే మాట: శని, ఆదివారాల్లో సింగపూర్. కింద చిన్న అక్షరాల్లో మెర్లయన్, సెంటోసా, యూనివర్సల్ స్టూడియోస్, గార్డెన్స్ బై ద బే, నైట్ సఫారీ, ఆ మీదట షాపింగ్. విదేశం చూడాలన్న కోరికలో తప్పేమీ లేదు. ఆ కోరికను బస్సు కిటికీలోంచి తీర్చి పంపేసే ఈ జాబితాల మీదే కోపమంతా.

ముందు గంటలు లెక్కపెట్టుకోవాలి. మధురపూడి విమానాశ్రయం దగ్గరే అయినా అక్కడ విదేశీ విమానం లేదు. విశాఖ వెళ్లాలంటే సుమారు 180 కిలోమీటర్లు. అక్కడ రాత్రి విమానం ఎక్కితే నాలుగు గంటల ప్రయాణం. సింగపూర్ గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు కాబట్టి దిగేసరికి తెల్లవారిపోతుంది. ఆ రాత్రి నిద్ర పోయినట్టే. ఆదివారం సాయంత్రానికి మళ్లీ చాంగీ విమానాశ్రయంలో ఉండాలి. తిండి, స్నానం, ఒక రాత్రి నిద్ర తీసేస్తే మిగిలేది పదిహేను, పదహారు గంటలు. అందులో ఆరు చోట్లకు తిప్పుతామనడం అన్యాయం.

కాగితాల పని పెద్దది కాదు గాని ముందే కావాలి. మన పాస్‌పోర్టుకు సింగపూర్ వీసా తప్పనిసరి. రుసుము 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు తీసుకునేది వేరు. దిగే ముందు మూడు రోజుల్లోగా ఆన్‌లైన్‌లో నింపే అరైవల్ కార్డు పూర్తిగా ఉచితం. దానికీ డబ్బు గుంజే సైట్లున్నాయి, జాగ్రత్త. నమిలే పొగాకు అక్కడ నిషిద్ధం. జేబులో గుట్కా పొట్లం మరిచిపోయినా నేరమే.

ఈ రెండు రోజుల మీద ఇంత పట్టుదల ఎందుకంటే, పరాయి నగరం ఈ గోదావరి నేలకు కొత్త కాదు. ఇక్కడికి దగ్గర్లోని కోరంగి రేవు పేరుమీదే బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలన్నారు. రంగూన్ రేవులో బరువులు మోసింది వాళ్లే. 1930 మే నెలలో అక్కడి అల్లర్లలో దెబ్బలు తిన్నదీ వాళ్లే. తరవాత కువైట్, మస్కట్, దుబాయ్. రంగూన్ వెళ్లిన తాతలకూ, గల్ఫ్‌లో ఇళ్లలో పనిచేసిన అక్కలకూ ఆ నగరాలు పనిచోట్లే అయ్యాయి. తీరిగ్గా తలెత్తి చూసే అవకాశం వాళ్ల పిల్లలకు ఇప్పుడిప్పుడే వస్తోంది. దాన్ని సెల్ఫీలకు ధారపోయడం ఎలా ఒప్పుకోవడం?

కాబట్టి ద్రాక్షారామం మనిషి సింగపూర్‌లో చూడాల్సింది ఒక రాయి. అక్కడి నది ముఖద్వారం దగ్గర ఒకప్పుడు దాదాపు యాభై పంక్తుల శాసనమున్న పెద్ద ఇసుకరాతి పలక ఉండేది. 1843లో బ్రిటిష్ వాళ్లు కట్టడాల కోసం దాన్ని పేల్చేశారు. మిగిలిన ముక్క నేషనల్ మ్యూజియం సొత్తు. దాన్ని ఉంచిన గ్యాలరీ ఆ శనివారం తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కుని టికెట్ కొనుక్కోవాలి. ఆ శాసనం పదో శతాబ్దానికీ పద్నాలుగో శతాబ్దానికీ మధ్యదంటారు. ఇప్పటికీ పూర్తిగా చదివినవాళ్లు లేరు. 2019లో ఇయన్ సింక్లెయిర్ అనే పరిశోధకుడు అందులో ‘కేసరివ’ అన్న అక్షరాలు కనిపిస్తున్నాయనీ, అవి చోళరాజుల పరకేసరివర్మ బిరుదులోవి కావచ్చనీ ప్రతిపాదించాడు. అది ఇంకా ఊహే.

ఊహ కానిది మన ద్రాక్షారామం భీమేశ్వరాలయం గోడల మీద ఉంది. కులోత్తుంగ చోళుడి కాలపు శాసనాలు అక్కడున్నాయి. ఆయన రాజమహేంద్రి రాజరాజనరేంద్రుడి కొడుకు, 1070లో చోళ సింహాసనమెక్కాడు. ఆయన తాత, తల్లి అమ్మంగదేవికి తండ్రి అయిన రాజేంద్ర చోళుడు 1025లో కడారం మీదికి, అంటే నేటి మలేసియాలోని కెడా మీదికి నౌకలు పంపాడు. 1090లో కడారం రాజు దూతలు కులోత్తుంగుడి దగ్గరికి వచ్చారు. ఈ సంగతి తెలిసి ఆ విరిగిన రాయి ముందు అరగంట నిలబడినవాడికి సెంటోసా చూడలేదన్న బెంగ ఉండదు. అక్కణ్ణుంచి సెరంగూన్ రోడ్డులో 1855 నాటి శ్రీనివాస పెరుమాళ్ గుడి, దారిలో టెక్కా సెంటర్‌లో భోజనం. శనివారానికి అంతే. ఆదివారం కాళ్లు ఎటు లాగితే అటు.

అసలు బాధ ఇక్కడుంది. సింగపూర్ చదవలేని ఒక్క ముక్కను కాపాడుకుంటోంది. పండితులు చదివేసిన వందలాది శాసనాల మధ్య బతుకుతున్నవాళ్లం మనం. ద్రాక్షారామ శాసనాలు దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటంలో 1923లోనే అచ్చయ్యాయి. అఖండ దీపం వెలిగించడానికి గొర్రెలను దానమిచ్చిన మామూలు మనుషుల పేర్లు కూడా వాటిలో ఉన్నాయి. భక్తులు ఆ అక్షరాలకు చేయి తాకించి కళ్లకద్దుకుంటారు గాని చదివేవాళ్లు అరుదు. కార్తీకంలో అయితే అమరావతి నుంచి సామర్లకోట దాకా పంచారామాలన్నీ ఒక్కరోజులో చుట్టేస్తారు. ఫ్లెక్సీ మీది సింగపూర్‌కూ ఈ యాత్రకూ పద్ధతిలో తేడా ఏముంది? భక్తికి తొందర అక్కర్లేదు. ద్రాక్షారామానికే ఒక పూట పడుతుంది.

వచ్చే కార్తీకం లోగా ఆలయంలో కనీసం పది శాసనాల పక్కన వాటి పాఠం నేటి తెలుగులో ఉండాలి. పెద్ద అక్షరాలతో, వయసు మళ్లినవాళ్లు నిలబడి చదవగలిగే ఎత్తులో, దానమిచ్చినవాళ్ల పేర్లతో సహా.