ఎవరి నెలలు?

"మనసుపెట్టి కూర్చుంటే మూడు నెలలు చాలమ్మా!"

అమెరికాలో డాక్టరు లైసెన్సు పరీక్షలు రాయబోయే ఆడపిల్లలకి ఈ మాట చెప్పని తెలుగు పెద్దమనిషిని నేనింతవరకూ చూడలేదు. మొన్న ఇక్కడ తెలుగువాళ్ళ సంక్రాంతి సభలో మళ్ళీ విన్నాను. చెప్పినాయన ముప్పై ఏళ్ళ కిందట వచ్చిన డాక్టరు. మంచివాడే. ఆయన మూడు నెలలే చదివి పాసయ్యారన్నదీ నిజమే అయ్యుంటుంది. ఆ మూడు నెలలూ ఆయనకి వేళకి అన్నం ఎవరు పెట్టారో, పిల్లల్ని ఎవరు నిద్రపుచ్చారో ఆ లెక్కలో రాలేదు. పక్కనే ఉన్న ఆయన భార్య ఏదో అనబోయి ఊరుకుంది. ఆవిడ ఏమనబోయిందో నాకు తెలియదు గానీ, నేను అనాల్సినవి కొన్ని ఉన్నాయి.

నేను స్టెప్ వన్ రాసింది 2017లో. అప్పుడు 280 ప్రశ్నలు, ఏడు విడతలు, మొత్తం ఎనిమిది గంటల పరీక్ష. అందులో అడిగే బయోకెమిస్ట్రీ, ఫిజియాలజీ, పాథాలజీ ఇక్కడి విద్యార్థి చాలా కాలేజీల్లో అప్పటికప్పుడే చదివి ముగిస్తాడు. ఆపైన కాలేజీయే ఆరేడు వారాలు పూర్తిగా చదువుకోడానికి వదిలేస్తుంది. ఆ ఆరేడు వారాలే కొలబద్ద అయి కూర్చుంది. మనమో? నేను గుంటూరులో ఎమ్.బి.బి.ఎస్.లో చేరింది 2006లో. బయోకెమిస్ట్రీ పుస్తకం మూసిన పదేళ్ళకి మళ్ళీ తెరిచాను. మధ్యలో హౌస్ సర్జన్సీ, పెళ్ళి, డిపెండెంట్ వీసా, సిజేరియన్. అవన్నీ ఖాళీగా కూర్చున్న ఏళ్ళన్నట్టు, డిగ్రీ వచ్చి అయిదేళ్ళు దాటితే చాలా ప్రోగ్రాములు అప్లికేషన్ తెరిచి కూడా చూడవు. తొందరగా రాయమని ఆ గడియారం తరుముతుంది. రాయడానికి కావలసిన టైము మాత్రం ఇంట్లో ఎవరి దగ్గరా ఉండదు.

అందరూ చేతిలో పెట్టే టైంటేబుల్ చూడండి. రోజుకి పన్నెండు గంటలు, తొంభై రోజులు. అంటే 1080 గంటలు. పది నెలల పిల్లతో నాకు దొరికేది రోజుకి నాలుగు గంటలు, అదీ రెండు ముక్కలుగా. అదే 1080 గంటలకి నాకు 270 రోజులు పడుతుంది. తొమ్మిది నెలలు! (తొమ్మిది నెలలని చెబితే ఆడదాన్ని "ఇంకా ఎన్నాళ్ళు?" అని అడగకుండా ఓపిగ్గా ఎదురుచూసే సందర్భం మనవాళ్ళకి ఒక్కటే ఉంది.) నేను మందమతినీ కాదు, బద్ధకస్తురాలినీ కాదు. ఆయన నెలా నా నెలా ఒకటి కాదు, అంతే.

మరి నా నెలల్ని ఎవరు నిర్ణయించారు? మా అమ్మ పాస్‌పోర్టు మీద ముద్ర.

ఆ ఏడాది ఏప్రిల్‌లో అమ్మ వచ్చింది. ఎయిర్‌పోర్టులో ఆరునెలలు వేశారు. ఇమిగ్రేషన్ అధికారి అలవాటుగా కొట్టిన ఆ ముద్రే నా సిలబస్‌కి గడువయింది. అమ్మ వెళ్ళేలోగా రాసెయ్యాలి! ఇందులో వాదన లేదు, చర్చ లేదు. మా కాంప్లెక్సులో పరీక్షలకి చదివే ప్రతి ఇంట్లోనూ ఇదే ఏర్పాటు. ఆరునెలలు అమ్మ, ఆ తర్వాత ఆరునెలలు అత్తగారు. దాన్ని "సపోర్ట్" అంటాం. "మా ఇంట్లో చాలా సపోర్ట్ ఉందండీ" అని గొప్పగా చెప్పుకుంటాం. నేనూ చెప్పుకున్నాను.

పొద్దున్న అయిదింటికి లేచి నేను గదిలోకి వెళ్ళి తలుపేసుకునేదాన్ని. తలుపు బయట యాభై తొమ్మిదేళ్ళ మనిషి పిల్లని ఎత్తుకుని, ఇంగ్లీషు రాని ఊళ్ళో, కిటికీలోంచి పార్కింగ్ చూస్తూ రోజంతా గడిపేది. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించేది. ఆస్టియోఆర్థ్రైటిస్ గురించి నేను ప్రశ్నలకి జవాబులు గుర్తు పెడుతున్న రోజుల్లోనే, నా పిల్లని మోస్తున్న మోకాళ్ళని నేను ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదు. నా చదువు గంటలు గాల్లోంచి రాలేదు. ఆవిడ దగ్గర తీసుకున్నవి. మన చదువుల గురించి ఇంత రాసుకుంటాం కదా, ఈ అప్పు గురించి ఎందుకు రాయం?

పరీక్షకి రెండు వారాల ముందు నమూనా పరీక్ష రాస్తే సంగతి స్పష్టంగా తెలిసింది. పాసవుతాను, కానీ సీటుకి సరిపోదు. ఇంకో రెండు నెలలు కావాలి. మూడు నెలల గడువుని ఫీజు కట్టి పొడిగించుకునే వీలుంది. అమ్మ ఫ్లైటు అక్టోబరు 3. సెప్టెంబరు 25న వెళ్ళి రాసేశాను. పాస్ మార్కు 192, నాకు వచ్చింది 208. ఇంట్లో స్వీట్లు పంచారు. నేను బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. పాసైన పరీక్షని మార్కుల కోసం మళ్ళీ రాయనివ్వరు. 208 అనే అంకె నాతో రెండేళ్ళపాటు ప్రతి అప్లికేషన్‌లోనూ తిరిగింది.

2022 జనవరి నుంచి స్టెప్ వన్‌కి మార్కులు తీసేశారు, పాస్ లేదా ఫెయిల్ అంతే, ఇంకేం బాధ అంటారు. బరువు స్టెప్ టూ మీదికి జరిగింది, పోలేదు. పైగా 2021 నుంచి ఒక్కో పరీక్షకి ప్రయత్నాలు ఆరు నుంచి నాలుగుకి కుదించారు. తప్పితే ఆ మచ్చ రికార్డులో ఉండిపోతుంది. "ఓసారి రాసి చూడు, పోయేదేముంది" అనే సలహా ఇచ్చేవాళ్ళకి పోయేదేమీ లేదు మరి.

గంటల సంగతి ఇంటితో ఆగదు. 2007లో సోఫీ కరియర్ అనే హార్వర్డ్ విద్యార్థిని, చంటిబిడ్డ తల్లి, ఇదే పరీక్షల్లో పాలు పిండుకోడానికి విరామం ఇంకో అరవై నిమిషాలు కావాలని అడిగింది. దినమంతా సాగే పరీక్షకి ఇచ్చే విరామం నలభై అయిదు నిమిషాలు. బోర్డు కాదంది. కింది కోర్టూ కాదంది. అప్పీలు కోర్టు ఇమ్మంది. ఆమెదే న్యాయమని మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం తేల్చేసరికి 2012 వచ్చింది. తల్లిపాల గొప్పతనం మీద పరీక్షలో ప్రశ్నలు వేసే వైద్యలోకం, ఆ పాలకి గంట ఇవ్వడానికి కోర్టుకెక్కింది!

స్టెప్ టూకి నేను నెలలు అడగడం మానేశాను. గంటలు అడిగాను. తొమ్మిది వందలు అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆయన చెడ్డవాడేం కాదు. అప్పటిదాకా ఆయన్ని ఎవరూ అడగలేదు, నాతో సహా. సాయంత్రం ఆరు నుంచి పది దాకా పిల్ల ఆయనది అన్నాను. రెండు వారాలు మొహం మాడ్చుకున్నాడు, తర్వాత అలవాటయింది. వారానికి మూడు రోజులు డేకేర్. "సంపాదన లేనిదానికి డేకేరా?" అని అత్తగారు ఫోన్లో అన్నారు. సంపాదన ఉండాలనే కదా అత్తయ్యా అన్నాను. ఆవిడ తప్పు కూడా కాదేమో, ఆవిడ గంటలకి జీవితంలో ఎవరూ ఖరీదు కట్టలేదు. నమూనా పరీక్షలో నేననుకున్న మార్కు వరసగా రెండుసార్లు వచ్చాకే తేదీ తీసుకున్నాను. పదకొండు నెలలు పట్టింది. "ఏడాది చదివిందట పాపం" అని చెప్పుకున్నారని విన్నాను. చెప్పుకోనీ.

ఇంకోటి కూడా ఒప్పుకోవాలి. అవసరం లేకపోయినా తేదీ జరుపుకుంటూ పోయేవాళ్ళు మనలో ఉన్నారు. గదిలో తలుపేసుకునే హక్కు చదువు పేరుమీద మాత్రమే దొరికేవాళ్ళకి, చదువు అయిపోవడమంటే ఆ తలుపు పోవడమే. దాన్ని భయమని, ఆత్మవిశ్వాసం లేకపోవడమని కోచింగ్ వాళ్ళు పేరు పెట్టి దానికో వర్క్‌షాపు కూడా అమ్ముతారు.

పోయిన వారం ఒకమ్మాయి ఫోన్ చేసింది. వరంగల్లులో చదివిందట, ఏడాదిన్నర బాబు.

"అక్కా, ఎన్ని నెలలు పెట్టుకోవాలి?"

"మీ అమ్మగారు ఎప్పుడొస్తున్నారు?"

కాసేపు మాట లేదు. "వచ్చే నెల పదో తారీకున. మీకెలా తెలుసు?"

పరీక్ష తేదీ ఇంకా తీసుకోలేదంది. తీసుకోవద్దన్నాను. వాళ్ళాయన్ని స్పీకర్ ఫోన్‌లోకి పిలవమన్నాను.